లొరెట్టా లిన్ ఎదుగుదల: సినిమా కుదించిన ఏళ్ళు, చెప్పని లెక్కలు

ప్రశ్న: అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లెపాటల్లోంచి పుట్టిన సంగీతం) గాయని లొరెట్టా లిన్ జీవితం మీద 1980లో వచ్చిన సినిమా చూశాను. బొగ్గుబాయి కార్మికుడి కూతురు, చిన్నవయసులో పెళ్ళి, నలుగురు పిల్లలు, సంగీతం ఎవరూ నేర్పలేదు. అలాంటామె ఒక్క రికార్డు పట్టుకుని కారులో ఊరూరా తిరిగి పెద్ద గాయని అయిపోయినట్టు చూపించారు. నిజంగా అంతేనా? అదృష్టం కలిసొచ్చిందా, ఇంకేమైనా ఉందా?

సమాధానం:

కారు ప్రయాణం నిజమే, రికార్డూ నిజమే. కానీ ఆమె చేతికి గిటార్ వచ్చిన ఏడేళ్ళకు గాని ఆ రికార్డు రాలేదు. ఆ రికార్డు హిట్టయ్యాక కూడా పెద్ద కంపెనీలో నిలదొక్కుకోవడానికి మరో రెండేళ్ళు పట్టింది. సినిమాలో ఈ రెండూ కొన్ని నిమిషాల్లో అయిపోతాయి. నన్నడిగితే లొరెట్టాని నిలబెట్టింది గొంతు కంటే ముందు ఆమె కలం. తన పాటలు తనే రాసుకోవడం వల్లే పైకొచ్చింది. బాగా నష్టపోయింది కూడా ఆ పాటల హక్కుల దగ్గరే. ఈ రెండో సంగతి సినిమాలో లేదు కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ముందు వయసు సంగతి. పదమూడేళ్ళకే పెళ్ళయిందని చాలాకాలం ప్రచారంలో ఉంది, సినిమా కూడా అదే చెప్పింది. 2012లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు పాత రికార్డులు వెతికితే పుట్టిన తేదీ 1932 ఏప్రిల్ 14 అని తేలింది. పెళ్ళి 1948 జనవరి 10న. అంటే అప్పటికి ఆమెకు పదహారో ఏడు నడుస్తోంది. కష్టం అందువల్ల తగ్గిపోదు గానీ, ఆమె గురించి రాసేవాళ్ళు ఇప్పటికీ పాత లెక్కే రాస్తుంటారు. సరిదిద్దుకోవాలి.

పుట్టిన చోటు కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో, జాన్సన్ కౌంటీలోని బుచర్ హాలో. వాన్ లియర్ అనే బొగ్గు ఊరికి ఆనుకుని, రెండు కొండల మధ్య ఇరుక్కున్న సన్నటి లోయ. తండ్రి మెల్విన్ వెబ్, అందరూ టెడ్ అనేవాళ్ళు, బొగ్గుబాయిలో పని. తల్లి క్లారా. ఎనిమిదిమంది పిల్లల్లో లొరెట్టా రెండోది. సినిమా తార లొరెట్టా యంగ్ పేరు తల్లికి నచ్చి పెట్టుకుంది. అందరికంటే చిన్నది బ్రెండా గెయిల్, లొరెట్టా కంటే పంతొమ్మిదేళ్ళు చిన్న. ఆ అమ్మాయే తర్వాత క్రిస్టల్ గేల్ పేరుతో పెద్ద గాయని అయింది.

సంగీతం ఎవరూ నేర్పలేదన్న మాట పూర్తిగా నిజం కాదు. బడికెళ్ళి నేర్చుకోలేదంతే. తల్లి పాడే పాత కొండపాటలు, చర్చిలో అందరూ కలిసి పాడే పాటలు చిన్నప్పటినుంచీ చెవిలో ఉన్నాయి. వీటికి తోడు రేడియో. ఇంట్లో కరెంటు లేదు. బ్యాటరీ రేడియో. బ్యాటరీ అయిపోతుందని పొదుపుగా వాడుతూ శనివారం రాత్రి 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' కార్యక్రమం మాత్రం తప్పకుండా వినేవారు. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరం నుంచి డబ్ల్యూఎస్ఎం స్టేషన్ ప్రసారం చేసేది. 1932 నుంచి ఆ స్టేషన్‌ది 50,000 వాట్ల శక్తి, 650 కిలోహెర్ట్జ్ మీద. నాష్‌విల్‌కీ వాన్ లియర్‌కీ మధ్య సూటిగా కొలిస్తే దాదాపు 400 కిలోమీటర్లు. మీడియం వేవ్ తరంగాలు పగటిపూట నేలబారున సాగి కొంతదూరం వెళ్ళేసరికి బలహీనపడతాయి. రాత్రయ్యాక పైన అయనావరణాన్ని తాకి తిరిగి చాలా దూరాన కిందికి దిగుతాయి. అందుకే రోడ్డు కూడా సరిగా లేని లోయలోకి నాష్‌విల్ పాట వచ్చి చేరింది. కంట్రీ సంగీతం ఒక ప్రాంతం నుంచి దేశమంతటికీ పాకడానికి ఈ రాత్రి ప్రసారాలు పెద్ద కారణం. ఆ రోజుల్లో కొండ ప్రాంతాల పిల్లలకు రేడియోనే సంగీత పాఠశాల అంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

పెళ్ళయిన ఏడాదే భర్త ఆలివర్ లిన్‌తో దేశానికి ఆ కొసకు, వాషింగ్టన్ రాష్ట్రంలో కెనడా సరిహద్దు పక్కనున్న కస్టర్ అనే ఊరికి వెళ్ళిపోయింది. అతన్ని డూలిటిల్ అనీ డూ అనీ పిలిచేవారు. బొగ్గుబాయిలోకి దిగడం ఇష్టంలేక కలప కొట్టే పనికి వెళ్ళాడు. అప్పటికి ఆమె గర్భవతి. 1950ల మొదట్లోకల్లా నలుగురు పిల్లలు. ఇంటిపని, తోటల్లో కూలిపని. 1953లో డూ ఆమెకు 17 డాలర్ల హార్మొనీ గిటార్ కొనిచ్చాడు. ఇంట్లో పిల్లల్ని నిద్రపుచ్చుతూ ఆమె పాడే పాటలు విని, రేడియోలో పాడేవాళ్ళకి ఈమె తీసిపోదని మొదట గట్టిగా నమ్మింది అతనే. అతని తాగుడు, పరస్త్రీల వ్యవహారాలు ఆమెను ఎంత ఏడిపించాయో కూడా ఆమే బాహాటంగా చెప్పింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాస్తే ఆమె పాటలు అర్థం కావు.

ఆ గిటార్ మీద ఆమె ఏం నేర్చుకుందో చూడండి. అప్పటి కంట్రీ పాటలకు చాలావరకు మూడు కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, చాలు. 'జి' శ్రుతిలో పాడితే జి, సి, డి. గిటార్ తీగ మోగించడం వస్తే ఎవరికైనా కొన్ని నెలల్లో వచ్చే పని. కష్టం పాట కట్టడంలో ఉంది. 'కంట్రీ సాంగ్ రౌండప్' అని పాటల సాహిత్యం అచ్చువేసే పత్రిక ఉండేది. దాన్ని ముందేసుకుని, చరణం ఎన్ని పంక్తులు, పల్లవి ఎక్కడ తిరిగొస్తుంది, ప్రాస ఎక్కడ పడుతుంది అని పరిశీలించి, ఇది నేనూ చేయగలను అనుకుంది. కొత్తగా పాటలు రాసేవాళ్ళకు ఈ పద్ధతి నేటికీ చెబుతాను. బాణీ పక్కన పెట్టి, నచ్చిన పది పాటల సాహిత్యం కాగితం మీద రాసుకుని ఎముకలు లెక్కపెట్టండి. రెండున్నర నిమిషాల్లో కథ మొదలై, మలుపు తిరిగి, ముగియాలి. పంక్తికి ఒక్క అక్షరం ఎక్కువైనా ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక గొంతు తడబడుతుంది.

తర్వాత జనం ముందు పాడటం. కస్టర్‌లో రైతు సంఘం వాళ్ళ డెల్టా గ్రేంజ్ హాలు, సరిహద్దు ఊరు బ్లెయిన్‌లో బిల్స్ టావెర్న్ అనే మద్యశాల. మొదట వేరేవాళ్ళ బ్యాండుతో, తర్వాత తమ్ముడు జే లీ గిటార్‌తో సొంతంగా 'ట్రైల్‌బ్లేజర్స్' అనే బ్యాండు. టావెర్న్‌లో పాడటానికీ వేదిక మీద పాడటానికీ తేడా ఉంది. తాగుతూ, మాట్లాడుకుంటూ ఉండే జనాన్ని మొదటి పంక్తితోనే ఇటు తిప్పుకోవాలి. వాళ్ళు డాన్సు చేయడానికి లయ తప్పకూడదు. లొరెట్టా పాటల మొదటి పంక్తులు ఎంత సూటిగా ఉంటాయో గమనించండి. ఊరించడం ఉండదు, ఎత్తుకోవడమే విషయంలోకి దిగుతుంది.

టకోమాలో టీవీలో పాటల పోటీ జరిగింది. దాన్ని నడిపింది బక్ ఓవెన్స్. తర్వాత ఆయనే కంట్రీ సంగీతంలో పెద్ద తార. ఆ పోటీలో ఆమె గెలిచింది, బహుమతి ఒక చేతిగడియారం. ఈ ప్రాంతం టీవీ ప్రసారాలు సరిహద్దు దాటి వాంకూవర్‌లో కూడా వచ్చేవి. అక్కడి కలప వ్యాపారి నార్మ్ బర్లీకి ఆమె పాట నచ్చి డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాడు. అలా జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీతో 1960 ఫిబ్రవరిలో మొదటి ఒప్పందం. కంపెనీ తరఫున డాన్ గ్రాషే ఆమెను హాలీవుడ్ తీసుకెళ్ళి నాలుగు పాటలు రికార్డు చేయించాడు. నాలుగూ ఆమె రాసుకున్నవే. వాయించినవాళ్ళు ఊరి బ్యాండు కాదు. స్టీల్ గిటార్‌కు స్పీడీ వెస్ట్, ఫిడిల్‌కు హెరాల్డ్ హెన్స్‌లీ లాంటి పడమటి తీరంలో పేరున్న స్టూడియో కళాకారులు. బర్లీ డబ్బు సరైన చోట ఖర్చయింది ఇక్కడే.

రికార్డుకు ఒక వైపు 'ఐయామ్ ఎ హాంకీ టాంక్ గర్ల్', రెండో వైపు 'విస్పరింగ్ సీ'. మొగుడు వదిలేస్తే టావెర్న్‌లో బీరు ముందు కూర్చుని కుమిలిపోయే ఒక స్త్రీని చూసి రాసిన పాట మొదటిది.

ఇక మీరు అడిగిన కారు ప్రయాణం. చిన్న కంపెనీ రికార్డుకు అసలు ఇబ్బంది పాట బాగుండకపోవడం కాదు. స్టేషన్‌కు వారానికి కట్టలు కట్టలుగా వచ్చే రికార్డుల్లో అది ఎవరి కంటా పడదు. ఒకవేళ పడి మోగినా, ఆ ఊరి దుకాణంలో ఆ డిస్కు దొరకదు. పెద్ద కంపెనీలకు ప్రతి ప్రాంతంలో పంపిణీదారులుంటారు, చిన్నవాళ్ళకు ఉండరు. అందుకే లిన్ దంపతులు ముందు రికార్డుకు ఫోటో జతచేసి స్టేషన్లకు పోస్టులో పంపారు. తర్వాత కారులో బయలుదేరి స్వయంగా వెళ్ళి కలిశారు. బొలోనీ, చీజ్ శాండ్‌విచ్‌లే తిండి, కారే పడక. 1960లో చిన్న ఊరి స్టేషన్‌లో ఏ పాట వేయాలో చాలావరకు అక్కడి డీజేనే నిర్ణయించేవాడు. గాయని ఎదురుగా నిలబడితే మైకు ముందు కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడించి, పాట వేసేవాడు. డీజేలందరికీ ఒకే ఆఫీసు నుంచి పాటల జాబితా వచ్చే రోజులైతే ఈ ఎత్తు పారేది కాదు.

ఫలితం: ఆ వేసవిలో బిల్‌బోర్డ్ కంట్రీ చార్టులో 14వ స్థానం. అప్పట్లో ఆ చార్టులో ఉండేవే 30 స్థానాలు. పేరు తెలియని కంపెనీకి అది చిన్న విషయం కాదు. నాష్‌విల్ చేరేసరికి పాట వాళ్ళకంటే ముందే వెళ్ళి ఉంది. 1960 అక్టోబర్ 15, శనివారం నాడు ఓప్రీ వేదిక మీద మొదటిసారి పాడింది. చిన్నప్పుడు రేడియోలో విన్న కార్యక్రమమే. 1962 సెప్టెంబర్‌లో శాశ్వత సభ్యురాలైంది.

ఇక్కడి నుంచి సినిమా వదిలేసిన భాగం. టెడ్డీ, డోయిల్ అని విల్బర్న్ సోదరులు. గాయకులు, పైగా సంగీత వ్యాపారం తెలిసినవాళ్ళు. వాళ్ళకు ష్యూర్-ఫైర్ అనే పాటల ప్రచురణ సంస్థ, అంటే పాటల రచన హక్కులు చూసుకునే సంస్థ, ఉంది, కార్యక్రమాలు కుదిర్చే ఏజెన్సీ ఉంది. తర్వాత 1963లో టీవీ షో కూడా వచ్చింది. లొరెట్టాని చేరదీశారు. ఆమెతో 'ఫూల్ నంబర్ వన్' అనే పాట నమూనా రికార్డు చేయించి డెక్కా రికార్డు కంపెనీ నిర్మాత ఓవెన్ బ్రాడ్లీ దగ్గరికి తీసుకెళ్ళారు. బ్రాడ్లీకి పాట కావాలి, గాయని అక్కర్లేదు. గొంతు అప్పటికే పేరున్న గాయని కిటీ వెల్స్‌లాగా ఉంది, ఆమె మా దగ్గరే ఉంది కదా అన్నాడు. విల్బర్న్‌లు మెలిక పెట్టారు: ఈ అమ్మాయిని తీసుకుంటేనే పాట ఇస్తాం. పాట గాయని బ్రెండా లీకి వెళ్ళి 1961లో పెద్ద హిట్టయింది. లొరెట్టాకు డెక్కా ఒప్పందం దొరికింది.

ఈ ఒక్క సంగతిలో నాష్‌విల్ వ్యాపారం మొత్తం కనిపిస్తుంది. అక్కడ బేరమాడే సరుకు గొంతు కాదు, పాట. ఎందుకో లెక్క చూడండి.

అమెరికా చట్టం ప్రకారం 1909 నుంచి 1977 చివరిదాకా, అమ్ముడైన ప్రతి డిస్కు మీద ఒక్కో పాటకు గరిష్ఠంగా 2 సెంట్లు రచన హక్కుదారుకు వెళ్ళాలి. మామూలు ఒప్పందంలో అందులో సగం ప్రచురణ సంస్థకు, సగం రాసినవాళ్ళకు. అంటే లక్ష డిస్కులు అమ్ముడైతే రాసినవాళ్ళ చేతికి 1,000 డాలర్లు. రెండు వైపులా మీ పాటలే ఉంటే 2,000. జనం ఏ వైపు కోసం కొన్నా రెండో వైపు పాటకూ అంతే వస్తుంది, అందుకే రెండో వైపు కోసం అంత పోటీ. పాడినందుకు వచ్చే వాటాలోంచి కంపెనీ రికార్డింగ్ ఖర్చులు మినహాయించుకుంటుంది. రాసినవాళ్ళ సెంట్ల జోలికి అలా రావడం మామూలుగా జరగదు. రేడియో సంగతి ఇంకా తేట. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే రాసినవాళ్ళకూ ప్రచురణ సంస్థకూ బీఎంఐ లాంటి, హక్కుల సొమ్ము వసూలు చేసి పంచే సంస్థల ద్వారా డబ్బు వస్తుంది. పాడినవాళ్ళకు ఒక్క పైసా రాదు. ఈ నియమం నేటికీ అంతే. అంటే లొరెట్టా వేరేవాళ్ళ పాట పాడి అది రేడియోలో వెయ్యిసార్లు మోగినా ఆమెకు దక్కేది పేరు, ఆ పేరు మీద కచేరీలు. తన పాట మోగితే పేరూ డబ్బూ రెండూ.

ఇప్పుడు సమస్య చూడండి. ఆమె పాటల ప్రచురణ హక్కు ష్యూర్-ఫైర్‌ది. కచేరీలు కుదిర్చేదీ వాళ్ళ ఏజెన్సీయే, వారం వారం ముఖం చూపించే టీవీ షో వాళ్ళదే. ఎదిగేటప్పుడు ఇది చాలా సాయం చేసింది, కాదనలేం. నలుగురు పిల్లలున్న, ఊరు కొత్తయిన మనిషికి ఒక్కచోటే అన్నీ దొరికాయి. కానీ విడిపోవాలనుకున్నప్పుడు అన్ని తలుపులూ ఒక్కసారే మూసుకుంటాయి. 1970ల మొదట్లో ఆమె వాళ్ళనుంచి బయటికొచ్చింది. కోర్టు తగాదాలు ఏళ్ళ తరబడి సాగాయి. తను రాసే పాట మీద ఆదాయం వాళ్ళకే వెళ్తుందని ఆ కాలంలో రాయడమే బాగా తగ్గించేసింది. 1960ల పాటల జాబితా, 1970ల పాటల జాబితా తీసుకుని రచయితల పేర్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి, తేడా తెలుస్తుంది. సినిమాలో విల్బర్న్ సోదరులు లేరు. నా ఉద్దేశంలో ఆ కథకు అదే పెద్ద లోటు. ఈరోజు సొంతంగా పాటలు విడుదల చేస్తున్న మన జానపద గాయకులు కూడా ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్కటి విడిగా చూసుకోవాలి: ఈ రికార్డింగ్ ఎవరిది, పాట రచన, బాణీ ఎవరివి. రెండూ వేరు వేరు ఆస్తులు.

డెక్కాలో మొదటి రికార్డు చార్టు ఎక్కలేదు. 1962లో వచ్చిన 'సక్సెస్' ఆరో స్థానానికి వెళ్ళింది. అది ఆమె రాసింది కాదు, మిజోరీలో ఒక బడిలో శుభ్రం చేసే పనిచేసే జానీ మలిన్స్ రాసింది. ఆ రోజుల్లోనే పేరున్న గాయని ప్యాట్సీ క్లైన్‌తో స్నేహం. 1961 జూన్‌లో ప్యాట్సీ కారు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉంటే, గాయకుడు ఎర్నెస్ట్ టబ్ రికార్డు షాపు నుంచి ప్రసారమయ్యే అర్ధరాత్రి కార్యక్రమంలో లొరెట్టా ఆమె పాటే పాడి ఆమెకు అంకితమిచ్చింది. అది విని ప్యాట్సీ కబురు పంపి పిలిపించుకుంది. బట్టలు, వేదిక మీద నిలబడే తీరు, డబ్బు విషయంలో గట్టిగా ఉండటం, అన్నీ చెప్పింది. 1963 మార్చి 5న విమాన ప్రమాదంలో ప్యాట్సీ పోయింది. ఆ స్నేహం రెండేళ్ళు కూడా లేదు.

స్టూడియోలో పని ఎలా జరిగేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆమె గొంతు ఎందుకలా వినిపిస్తుందో అక్కడ తెలుస్తుంది. నాష్‌విల్ సెషన్ మూడు గంటలు, ఆ వ్యవధిలో మూడు నాలుగు పాటలు అయిపోవాలి. వాయిద్యాలు, గొంతు అన్నీ ఒకేసారి. నొటేషన్ కాగితాలు ఉండవు. కార్డ్‌లకు పేర్ల బదులు అంకెలు రాసుకుంటారు: ఆధార శ్రుతికి 1, దాన్నుంచి నాలుగోది 4, ఐదోది 5. శ్రుతి మార్చినా సరిగమలు మారనట్టే, గాయని గొంతుకు తగ్గట్టు శ్రుతి ఎక్కించినా దించినా ఆ అంకెలు మారవు. ఆ రోజుల్లో నాష్‌విల్ గాలి వయొలిన్లు, కోరస్ గొంతుల వైపు వీస్తోంది. దాన్ని నడిపించినవాళ్ళలో బ్రాడ్లీ ఒకడు. అయినా లొరెట్టా దగ్గరికొచ్చేసరికి స్టీల్ గిటార్‌ను ముందుంచాడు, ఆమె కొండప్రాంతపు ఉచ్చారణ దిద్దలేదు. తన జీవితం మీదే రాసుకున్న 'కోల్ మైనర్స్ డాటర్' (బొగ్గుబాయి కార్మికుడి కూతురు) పాట మొదటి పంక్తిలో 'బార్న్' అనాల్సిన చోట 'బార్న్‌డ్' అంటుంది. ఊళ్ళో ఎలా అంటారో అలాగే. అది దిద్దేసి ఉంటే పాట అబద్ధమయ్యేది.

1966లో 'యూ ఎయింట్ వుమన్ ఎనఫ్' రెండో స్థానం. 1967 ఫిబ్రవరిలో, చెల్లెలు పెగ్గీ సూతో కలిసి రాసిన 'డోంట్ కమ్ హోమ్ ఎ-డ్రింకిన్'' మొదటి నంబర్ వన్. తాగొచ్చిన మొగుడికి మొహం మీదే చెప్పే పాట. అంతకుముందు ఆడవాళ్ళ పాటల్లో ఎక్కువగా ఏడుపు, ఎదురుచూపు ఉండేవి. కిటీ వెల్స్ 1952లో మగవాళ్ళ పాటకు ఎదురు జవాబు పాడి దారి తీసింది గానీ, ఇంట్లో జరిగేదాన్ని ఇంటిభాషలో మొగుణ్ణి నిలదీసి పాడింది లొరెట్టా. గర్భనిరోధక మాత్ర మీద పాడిన 'ది పిల్' 1972లో రికార్డయితే 1975 దాకా కంపెనీ బయటికి తేలేదు. తెచ్చాక చాలా స్టేషన్లు ఆ పాట వెయ్యం అన్నాయి. అయినా కంట్రీ చార్టులో ఐదో స్థానానికి వెళ్ళింది. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 'ఎంటర్‌టైనర్ ఆఫ్ ద ఇయర్' పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆమే.

'కోల్ మైనర్స్ డాటర్' పాట సంగతి విడిగా చెప్పాలి. 1969 అక్టోబర్‌లో రికార్డయి, ఏడాది ఆగి 1970లో విడుదలై, డిసెంబర్‌లో నంబర్ వన్ అయింది. ఆమె రాసినప్పుడు చరణాలు చాలా ఎక్కువ. మూడు నిమిషాలు దాటితే స్టేషన్లు వేయవని బ్రాడ్లీ కొన్ని తీయించాడు. తీసేసినవాటి గురించి ఆమె తర్వాత బాధపడింది. మిగిలిన చరణాలకు ఒకే బాణీ, పల్లవి లేదు. అలా ఉంటే వినేవాళ్ళకు విసుగొచ్చే ప్రమాదముంది. అందుకే మధ్యలో శ్రుతి అరమెట్టు చొప్పున పైకి లేస్తుంది. చెవి పెట్టి వింటే ఆ మెట్టు తెలుస్తుంది. తండ్రి టెడ్ వెబ్ ఈ పాట వినలేదు. బొగ్గుదుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, పని పోయి, కుటుంబంతో ఇండియానాకు తరలివెళ్ళి, 1959లోనే, కూతురి మొదటి రికార్డు రాకముందే చనిపోయాడు.

మీరు నిజంగా తేడా వినాలనుకుంటే మూడు రికార్డింగులు వరసగా పెట్టుకోండి. 1960 నాటి జీరో రికార్డు, 1962 నాటి 'సక్సెస్', 1970 నాటి 'కోల్ మైనర్స్ డాటర్'. మొదటిదాంట్లో గొంతు కిటీ వెల్స్ వెనకే నడుస్తుంటుంది. రెండోదాంట్లో శుభ్రంగా, కాస్త జాగ్రత్తగా పాడుతుంది. మూడోదాంట్లో పాడుతున్నట్టే ఉండదు, మనతో మాట్లాడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకైతే నాష్‌విల్ నుంచి ఇంటర్‌స్టేట్ 40 మీద పడమరగా వెళ్తే 143వ ఎగ్జిట్ దగ్గర హరికేన్ మిల్స్ వస్తుంది. 1966లో ఆమె కొనుక్కున్న ఆ రాంచ్‌లో మ్యూజియం, బుచర్ హాలో ఇంటి నమూనా ఉన్నాయి. 2022 అక్టోబర్ 4న ఆమె కన్నుమూసింది కూడా అక్కడే.